సత్తియ్య వంతోడు

పరదేశిని అనకాపల్లిలో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. సత్తియ్య వంతోడు అంటే చాలు, గుర్తుపట్టేవారు. జముకుల కథలో సత్తియ్య గజ్జె కట్టి ముందు నిలబడి కథ పాడితే, పరదేశి వెనక జముకు తీగ మీటుతూ వంత కలిపేవాడు. "అయితే ఏటయింది బావా?" అని అడగడం వరకే అతని పని. వంతవాడు కథ అందుకుంటే కథకుడి పరువు గంగలో కలిసినట్టే. ఇరవై ఏళ్లుగా పరదేశి ఆ గీత దాటలేదు.

పంతొమ్మిది వందల నలభై మూడులో ఒక సాయంత్రం మరిడమ్మ కల్లుపాక బెల్లం బళ్లవాళ్లతో కిటకిటలాడుతోంది. నూకాలమ్మ జాతరలో ఎవరు పాడాలో ఆ రోజు తేలిపోవాలి. జాతర పెద్ద తాతబ్బాయి ముంత పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. చీడికాడ కథకుడు సన్యాసిరావు అప్పటికే తన కథ తడబడకుండా ముగించి మీసం దువ్వుకుంటున్నాడు. సత్తియ్య తడబడితే జాతర పోయినట్టే. జాతర పోతే ఊళ్లు పిలవడం మానేస్తాయి.

సత్తియ్య పడవ మునిగిన అన్నాచెల్లెళ్ల కథ ఎత్తుకున్నాడు. గాలివాన లేచింది, తెడ్డు విరిగింది. అక్కడ ఆగిపోయాడు. గజ్జె ఆడుతోంది, నోరు ఆడడం లేదు. ఈ మధ్య ఇంట్లో మనవరాళ్ల పేర్లు కూడా సత్తియ్య బావ మార్చేస్తున్నాడని పరదేశికి తెలుసు.

జముకు గట్టిగా మోగించి, "అప్పుడు సెల్లెలు కొంగు సింపిందేటి బావా, అన్న సేతికి కట్టనానికి?" అన్నాడు.

"సింపింది!" అంటూ సత్తియ్య అందుకున్నాడు. బళ్లవాళ్లు ఈలలేశారు. రెండు చరణాలు కాకముందే మళ్లీ ఆగాడు. పరదేశి మళ్లీ అలాగే అడిగాడు. ఈసారి సన్యాసిరావు లేచాడు.

"తాతబ్బాయి మామా, వంతోడు అడగాల గాని సెప్పకూడదు. ఇదేటి మోసం?"

తాతబ్బాయి ముంత కింద పెట్టాడు. "సత్తియ్యా, కథ నీదా, ఆడిదా?"

సత్తియ్య వంగి, కాళ్ల గజ్జెలు విప్పి, పరదేశి ముందు పెట్టాడు.

"ఆడిదే మామా. నాకు గేపకం నిలవటం నేదు. పరదేశీ, ఆ జముకిలా ఇచ్చి ముందుకెల్లు."

"నావల్ల కాదు బావా."

"ఎల్లు. ఎనకాల నేనున్నాను."

పరదేశి గజ్జె కట్టుకుని కథ అందుకున్నాడు. చరణం ముగియగానే వెనక నుంచి సత్తియ్య వంత కలిపాడు. పరదేశికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే కథ చివరిదాకా పాడాడు.

జాతర చీడికాడ వాళ్లకే పోయింది, అందులో అన్యాయమేమీ లేదు. తిరిగి వస్తుంటే, ఎప్పుడూ వంతోడు మోసే జముకు సత్తియ్యే ఇంటిదాకా మోశాడు. పరదేశి ఎంత బతిమాలినా ఇవ్వలేదు.