సిమ్‌లో పెట్టమన్న రోజు

మొన్న రాంగోపాల్‌పేట్‌లో ఒక దుకాణం ముందు మాంసానికి పొగ పట్టించే గ్యాసు పెట్టె కనిపించింది. తళతళలాడే స్టీలు. అందరూ ధర అడుగుతుంటే, నేను మాత్రం వంగి దాని మీట ఎటు తిప్పితే మంట తగ్గుతుందో చూశాను.

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో తిరుమలగిరిలో మా మేనమామలిద్దరూ ఒకే వాకిట్లో, ఎదురెదురు వాటాల్లో ఉండేవారు. పెద్దమామయ్య లేత్ పనివాడు. ఇనుము వంచే చేతులు, వంగని నోరు. ఆ చేతులకు ఎక్కువగా పని పెట్టింది చిన్నమామయ్యే. వాళ్ళు కొట్టుకుంటే వీధిలో ఎవరూ తలుపు తీసేవారు కాదు, మరీ నెత్తురు కనపడితే తప్ప. పెద్దమామయ్య నూనె డ్రమ్ము కోసి, అడుగున హోటల్ బర్నర్ పెట్టి, మామిడి చెక్కల పొగలో మేక తొడలు మగ్గబెట్టేవాడు. ఈస్టర్‌కి అవి మాడిపోయాయి. "బొగ్గులు తినిపిస్తున్నవా అన్నా?" అన్నాడు చిన్నమామయ్య. పళ్ళెం గాల్లో లేచింది, తమ్ముడి ముందుపన్ను నేల మీద పడింది. ఆపై మాటల్లేవు. చిన్నమామయ్య కూతురికి పెళ్ళి నిశ్చయమై ప్రధానం కుదిరాకే మళ్ళీ నోళ్ళు తెరుచుకున్నాయి. విందుకు మాంసం వండే పని తనదేనన్నాడు పెద్దాయన. "తే. గానీ ఈసారి మాడిందనుకో, గా డ్రమ్ముల నిన్నే పెడ్త. మల్ల జిందగీల నా గడప తొక్కొద్దు" అన్నాడు చిన్నాయన. అది ఉత్త బెదిరింపు కాదని పెద్దమామయ్యకు తెలుసు. ఆయనకు పిల్లల్లేరు. ఎత్తుకుని పెంచింది ఆ పిల్లనే.

డ్రమ్ములో వేడి నూట పది డిగ్రీల దగ్గర నిలవాలి. ఆ బర్నరేమో ఎంత తగ్గించినా నూట ఎనభై దిగేది కాదు, ఇంకా తగ్గిస్తే ఆరిపోయేది. గ్యాసు సగం కావాలని పెద్దమామయ్య, గ్యాసు చిమ్మే జెట్ బెజ్జాన్ని సగం సన్నం చేయబోయాడు. లెక్కల పుస్తకాలు సొంతంగా చదువుకుంటున్న రోజులు నావి. అడ్డుకొలత సగమైతే బెజ్జం వైశాల్యం పావే అవుతుందని, పదింట ఏడు పాళ్ళు ఉంచితే చాలని అన్నాను. కాలర్ పట్టి గోడకు ఆనించాడు. "సగమంటే సగం కాదారా? లేత్ నువ్వు నడుపుతున్నవా, నేనా?" నా తల వెనుక సున్నం రాలింది. రెండు జెట్లూ చేసి చూశాడు. సగందానికి మంట దగ్గి ఆరిపోయింది. రెండోది నీలంగా నిలబడింది. నన్ను ఒక్కటి చరిచాడు, మెచ్చుకోలుగానే. పైపు మధ్యలో ఓ ఇత్తడి వాల్వు కూడా బిగించాడు.

ప్రధానం రోజు ఉదయం వేడి కొంచెం ఎక్కింది. రెండు చేతులా మాంసం పట్టుకున్న పెద్దమామయ్య, "తమ్మీ, జెర సిమ్‌ల పెట్టు!" అని అరిచాడు. ఇంటి పొయ్యి మీట తిప్పగానే పెద్ద మంట వస్తుంది, అటే చివరిదాకా తిప్పితే సిమ్. చిన్నమామయ్య అలాగే వాల్వును చివరిదాకా తిప్పాడు. అది నీళ్ళ కుళాయి లాంటిది, తిప్పినకొద్దీ ఎక్కువే. కొవ్వు భగ్గుమంది. డ్రమ్ము నోట్లోంచి మంట చిమ్మి ఆయన పాలిస్టర్ చొక్కాకు అంటుకుంది.

నేను సిలిండర్ కట్టేసి తిరిగేసరికి పెద్దమామయ్య తమ్ముణ్ణి నేలకేసి కొట్టి, మీద కూర్చుని వట్టి చేతులతో ఛాతీ మీద బాదుతున్నాడు. వీధంతా ఉరికొచ్చింది. "చంపుతుండు, పట్టుండ్రి!" అంటూ నలుగురు ఆయన్ని వెనక్కి లాగారు. కింద చొక్కా ఇంకా కాలుతూనే ఉంది. "ఇడ్వుండ్రిరా! కాలుతుండు వాడు!" పెద్దమామయ్య ఒకడి ముక్కు పగలగొట్టాడు, ఇంకొకడి చెయ్యి కొరికాడు, విడిపించుకుని తమ్ముడి మీద పడి తన ఒంటితోనే మంటను నలిపేశాడు.

మాంసం మాడిపోయింది. మధ్యాహ్నం పెళ్ళివారికి పప్పన్నం పెట్టారు. పెద్దమామయ్య చేతులకు కట్లు కట్టించుకొచ్చి, తమ్ముడి గడప బయటే నిలబడిపోయాడు. చిన్నమామయ్య ఛాతీకి మందు పూసుకుని కూర్చుని, "లోపలికి రా అన్నా. గా చేతులతోని ఎట్ల తింటవ్?" అని ముద్ద కలిపాడు. "ఉప్పు లేదురా" అన్నాడు పెద్దాయన నోటి నిండా అన్నంతో.

పెద్దమామయ్య పోయి చాలా ఏళ్ళైంది. చిన్నమామయ్య ఇప్పటికీ ఆ రోజు కథ చెబుతాడు. అన్న ఎన్ని దెబ్బలు కొట్టాడో కూడా చెబుతాడు. కొట్టిన చెయ్యి లేకుండా ఏళ్ళు గడిచేకొద్దీ ఆ దెబ్బల సంఖ్య పెరుగుతోంది. ఎవరి లెక్క తప్పినా దిద్దకుండా ఉండలేని నేను, ఆ ఒక్క లెక్క జోలికి మాత్రం వెళ్ళను.