పాపను పట్టుకున్నదెవరు

తమిళ సరిహద్దున ఉన్న మూకండపల్లిలో నేను పనిచేసిన ఫ్యాక్టరీలో ఏడాదికి రెండుసార్లు కార్మికుల పిల్లలకు టీకాలు వేసేవారు. తొంభైల మధ్యలో సంగతి. నేను ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసులో గుమస్తాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. టీకాల రోజున డిస్పెన్సరీ ముందు తల్లులను వరుసలో నిలబెట్టడం, పిల్లల పేర్లు పుస్తకంలో రాయడం నా పని. మామూలుగా వచ్చే నర్సు ఆ రోజు సెలవు. ఆమెకు బదులు వచ్చిన అమ్మాయి పనికి కొత్త. పదకొండయ్యేసరికి వరుస గేటు దాకా సాగింది. పిల్లల ఏడుపుతో పక్కవాళ్ల మాట వినపడటం లేదు.

ఉద్దనపల్లి నుంచి వచ్చి మా దగ్గర హెల్పరుగా చేరిన ఒకతని భార్య ఆ వరుసలో ఉంది. చంకలో ఏడాదిన్నర ఆడపిల్ల. వాళ్ల వంతు వచ్చేసరికి పాప తల్లి మెడ కరుచుకుని తన్నుకులాడుతోంది.

"ఇంతకుముందు తొడకే వేసినారమ్మా," అని ఆమె నర్సుతో అంది. నర్సు బల్ల వైపు చూపించి, పాపను బోర్లా పడుకోబెట్టమంది.

నాకు విసుగొచ్చింది. "వాళ్లకు తెలీదా అమ్మా? ఇట్లియ్యి," అని పాపను ఆమె చేతుల్లోంచి లాక్కున్నాను. బల్ల మీద బోర్లా వేసి రెండు కాళ్లూ అదిమిపట్టుకున్నాను. పిర్రలో సూది దిగేటప్పుడు పాప ఒక్కసారిగా మెలికలు తిరిగింది. నా ఎడమచెయ్యి జారింది. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టలేదు. పాపను తల్లికిచ్చేసి పుస్తకంలో తర్వాతి పేరు రాసుకున్నాను.

పది రోజుల తర్వాత ఆ హెల్పరు సెలవు అడగడానికి వచ్చాడు. పాప కుడి పాదం వేలాడుతోందట. అడుగెత్తితే వేళ్లు నేలకు రాసుకుంటున్నాయట. బెంగళూరులో పెద్ద డాక్టరు చూసి, మందు వల్ల ఇలా కాదనీ, సూది నరానికి తగిలి ఉండొచ్చనీ, అదే కారణమని కచ్చితంగా చెప్పలేననీ అన్నాడు. పాప కాలికి ఇనప పట్టీ ఉన్న బూటు రాసిచ్చాడు. కొన్ని నెలలకు ఆ తండ్రి ఎవరో చెప్పగా కృష్ణగిరిలో వకీలును పట్టుకుని ఫ్యాక్టరీ మీద నష్టపరిహారం కేసు వేశాడు.

నోటీసు అందిన రోజు మా ఆఫీసరు నన్ను పిలిచాడు. టీకా వేసిన అమ్మాయి అప్పటికే పని మానేసి వెళ్లిపోయింది.

"ఆ రోజు నువ్వేగా అక్కడున్నది. పిల్లను ఎవరు పట్టుకున్నారు?" అని అడిగాడు.

"తల్లే సార్," అన్నాను. "సరిగ్గా పట్టుకోలేదు. పాప కదిలిపోయింది."

ఆయన నన్ను బెదిరించలేదు. ఫలానా విధంగా చెప్పమని ఎవరూ నేర్పలేదు. ఆ నెలలో నా ఉద్యోగం ఖాయం కావలసి ఉంది. ఆ ఒక్క సంగతే నా తలలో తిరుగుతోంది. నేను చెప్పింది టైపు చేయించి, కింద నా చేత సంతకం పెట్టించారు. మరుసటి నెల ఉద్యోగం ఖాయమైంది.

కేసు రెండేళ్లకు పైగా నడిచింది. వాయిదా పడినప్పుడల్లా ఆ హెల్పరు డ్యూటీ పోగొట్టుకుని కృష్ణగిరి బస్సెక్కేవాడు. చివరికి రాజీకి ఒప్పుకున్నాడు. వాళ్ల మాట తెలుగు, రాజీ కాగితం తమిళంలో ఉంది. చదివి చెప్పడానికి ఆఫీసరు నన్నే పంపాడు.

కోర్టు వరండాలో ఒక మూల బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. పాప ఆ పట్టీ బూటుతో టక్ టక్‌మని స్తంభం చుట్టూ తిరుగుతోంది. నేను ఒక్కో వాక్యమే తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. మూడో పేరాలో నా మాటే ఉంది. తల్లి బిడ్డను సరిగా పట్టుకోనందున సూది కదిలి ఉండవచ్చుననీ, అయినా దయతలచి ఫ్యాక్టరీ ఈ సహాయం చేస్తోందనీ. దాన్ని దాటేసి నాలుగో పేరా చదివాను.

చదవడం అయ్యాక ఆమె అడిగింది. "తప్పు ఎవరిదని రాసినారు సార్?"

"ఎవరిదీ కాదని రాసినారమ్మా."

ఆమె ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది. "అదొక్కటి చాలు సార్. మా అత్త దినామూ నన్నే అంటా ఉండాది, బిడ్డను ఎత్తుకొనిపోయి కుంటిదాన్ని చేసుకొనొస్తివి అని. కాయితంలోనే ఉండాదని చెప్తా ఇంక."

తెలుగులో, గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది. ఎక్కడ చెయ్యాలో వేలు పెట్టి చూపించింది నేనే.

ఆ తర్వాత కొద్ది రోజులకే వాళ్లు ఉద్దనపల్లికి తిరిగి వెళ్లిపోయి సేద్యంలో పడ్డారని విన్నాను. రెండు వేల సంవత్సరం దాటాక మా ఫ్యాక్టరీ మూతపడింది. నేను కృష్ణగిరిలో తాలూకాఫీసు దగ్గర జిరాక్సు దుకాణం పెట్టుకున్నాను. పెళ్లయింది, నాకూ ఒక కూతురు పుట్టింది. దానికి టీకాలు వేయించిన ప్రతిసారీ నా భార్యే పట్టుకునేది. నేను బయట నిలబడేవాణ్ణి. సూదంటే భయమని చెప్పుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఒక తల్లి, స్కూలు యూనిఫారంలో ఉన్న కూతురు దుకాణానికి వచ్చారు. వికలాంగుల కార్డుకు దరఖాస్తు పెట్టాలని, కాగితాలన్నీ రెండేసి కాపీలు కావాలని ఆ పిల్ల అడిగింది. నేను ఒక్కోటీ అద్దం మీద పెడుతున్నాను. నాలుగోదో ఐదోదో ఆ రాజీ కాగితం. దాని వెనక కుట్టిన వాఙ్మూలం కింద నా సంతకం. తలెత్తి చూశాను. ఆమె జుట్టు సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు.

"ఇది అక్కర్లేదమ్మా, డాక్టరు సర్టిఫికెట్ చాలు," అన్నాను.

"ఉండనీండి సార్," అంది పిల్ల. "దీన్ని నేను ఆరో క్లాసులోనే చదివేసినా. ఆ దినం మా అమ్మను అడిగితే సాయంత్రం దాకా ఏడ్చింది."

"ఏమడిగినావు?"

"నన్ను ఎందుకు సరిగ్గా పట్టుకోలేదు అని."

తల్లి పక్కకు తిరిగి, "ఇప్పుడెందుకే అదంతా," అంది.

మిషను ఆపేశాను. చెప్పకుండా ఆ కాగితాలు మడిచి ఇచ్చేసి ఉంటే వాళ్లు వెళ్లిపోయేవారు. నిజం చెప్పాలంటే ఒక క్షణం ఆ ఆలోచనే వచ్చింది.

"మీ అమ్మ పట్టుకోలేదు," అన్నాను. "నేను పట్టుకున్నాను. మీ అమ్మ చేతుల్లోంచి నిన్ను లాక్కున్నాను. చెయ్యి జారింది నాది. ఈ సంతకం నాదే."

తల్లి నా సంతకం వైపు, నా ముఖం వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నాకూ అట్లే గుర్తు ఉండె," అంది మెల్లగా. "ఎవరో లాక్కొనినట్ల. కానీ అందరూ నన్నే అంటా ఉంటే, నేనే వదిలేసినానేమో అనుకొంటిని. నా బుద్ధినే నేను నమ్మకపోతిని కదప్పా."

క్షమించమని అడిగాను.

"నాకు చెప్తే ఏమొస్తాది? మా అత్త పోయి మూడేండ్లాయె. పోయేదాకా నా చేతి కూడు తింటానే నన్ను తిట్టింది. వచ్చి మా ఇంటాయన ముందర చెప్పు."

ఆ ఆదివారం ఉద్దనపల్లి వెళ్లాను. ఇంటి ముందు టమోటా గంపలకు గడ్డి పరుస్తున్న ఆమె భర్త నన్ను చూడగానే గుర్తుపట్టి, "ఓ, ఆఫీసు సారు," అని లేచి నిలబడ్డాడు. నిలబడే అంతా చెప్పాను. పుస్తకంలో పేర్లు రాయడం దగ్గర్నుంచి కోర్టులో మూడో పేరా దాటేయడం దాకా. అతను గడ్డి చేతిలోనే పట్టుకుని విన్నాడు.

"ఆ సూది వల్లనే అయిందో లేదో దేవుడికెరుక," అన్నాడు చివరికి. "కానీ బిడ్డను వదిలే మనిషి కాదప్పా మా ఆడది. అది నాకు అప్పుడే తెలుసు."

గడప లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. "తెలిసుంటే ఒక్కదినమన్నా మీ అమ్మతో ఆ మాట అనింటివా?"

అతను గడ్డిని గంపలో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు. నన్ను కొట్టినా బాగుండుననిపించింది. నా అబద్ధం వల్ల ఆ ఇంట్లో ఇన్నేళ్లు ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకుండా బతికారని అప్పుడే అర్థమైంది.

పిల్ల లోపలి నుంచి ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చింది. కుడికాలు కొంచెం ఎత్తెత్తి వేస్తూ నడుస్తోంది.

"ఇప్పుడు చెప్పినారే, అదంతా రాసియ్యండి సార్. తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి. తెలుగుది అమ్మకు."

గంపల పక్కన కూర్చుని రాశాను. రాయడానికి గంట పట్టింది. ఒకచోట 'పాప చేయి జారింది' అని రాస్తే ఆ పిల్ల చదివి, "ఎవరి చెయ్యి?" అని అడిగింది. దాన్ని కొట్టేసి 'నా చేయి జారింది' అని రాశాను.