మొదటి నారుకట్ట ఎవరి చేతిది: కల్వకుర్తి మళ్లలో ఒక పొద్దు

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. ఉత్తరాది, దక్షిణాది తేడాల పాఠం వచ్చినప్పుడల్లా తరగతి రెండుగా చీలుతుంది. ఈ వానాకాలం ఒక అమ్మాయి లేచి, "మేడం, బిహారోళ్లు వచ్చి మా అమ్మ కూలి గుంజుకుంటున్నరు. గిది పుస్తకంల యాడుంది?" అని అడిగింది. పన్నుల వాటా, జనాభా అంటూ ఏదో చెప్పాను. చెబుతుండగానే నా మాట మీద నాకే నమ్మకం సడలింది. కల్వకుర్తి దగ్గరి పల్లెలో సేద్యం చేసే నా హాస్టల్ స్నేహితురాలు సుజాతకు ఫోన్ చేశాను. "ఎల్లుండి మా నాట్లు. వచ్చి నువ్వే చూడు" అంది.

నల్లగొండ నుంచి పొద్దున్నే దేవరకొండ బస్సెక్కి, కొండమల్లేపల్లిలో దిగి కల్వకుర్తి బస్సు పట్టుకోవాలి. మధ్యలో టీ తాగినా మూడు గంటల్లోపే చేరవచ్చు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ ఆడవాళ్లకు ఛార్జీ లేదు. "ఆధార్ అసలుదేనా అక్కా? జిరాక్సు నడవది" అని కండక్టర్ అడిగి సున్నా టికెట్ చించిచ్చాడు. వెనక సీట్లో హిందీ మాట్లాడుకుంటున్న కుర్రాళ్లు మాత్రం డబ్బులిచ్చి తీసుకున్నారు. ఒకప్పుడు ఈ దారిలో ఆముదం, జొన్న చేలే చూశాను. ఇప్పుడు కల్వకుర్తి దగ్గరయ్యేకొద్దీ కాలువ నీళ్లు, దున్ని పెట్టిన మళ్లు.

కల్వకుర్తి నుంచి ఊరికి షేర్ ఆటో, ముప్పై రూపాయలు. డ్రైవర్ నా వయసువాడే. "మా బాపు బొంబాయిల మట్టి మోసిండు మేడం. గాడ మనల్ని చూసి మస్తు నవ్వేటోళ్లంట. గిప్పుడు నీళ్లొచ్చినయి. మా మళ్లల్ల దిగనీకి బిహారోళ్లు వస్తున్నరు" అన్నాడు. గర్వంగా అన్నాడో, బాధగా అన్నాడో తేల్చుకోలేకపోయాను.

నేను వెళ్లేసరికి మడిలో ఎవరూ దిగలేదు. ఒక గట్టు మీద పది మంది బిహారీ మగవాళ్లు, ఎదుటి గట్టు మీద ఊరి ఆడవాళ్లు, మధ్యలో సుజాత. నారు పోసిన రోజే నాట్లు మీవేనని ఆడవాళ్ల ముఠా పెద్ద ఎల్లమ్మకు సుజాత మాటిచ్చింది. ఆ ముఠా పక్క ఊరి నాట్లలో చిక్కుకుంది. ఇక్కడ నారు ముదిరిపోతోంది. భయపడి సుజాత బిహారీ ముఠాకు ఎకరాల లెక్కన గుత్తకిచ్చింది. ఎల్లమ్మ ఫోన్ ఎత్తకపోయేసరికి ఇక రాదనుకుని, ఆమెకు మాత్రం కబురు పంపలేదు. పక్క ఊరి పని ముగించుకుని ఆ ముఠా ఆ పొద్దునే వచ్చేసింది.

"అత్తా, నారు ముదిరితే పంట పోదా? ఫోన్ జేస్తే ఎత్తకపోతివి" అంది సుజాత.

"మళ్లల్ల ఉన్నోళ్లం ఫోన్ పట్టుకొని నాటేస్తమా బిడ్డా? నాటేసినోళ్లకే కలుపు. గా రెండు పనులు పోతే కోతల దాంక మేం ఏం తినాలె? కోతకైతే మిషిన్లే వస్తయి" అంది ఎల్లమ్మ.

ఆ ఊళ్లో పద్ధతి అది. మొదటి నారుకట్ట ఏ ముఠా చేతి మీదుగా మడిలో దిగితే, ఆ మడి కలుపు కూడా ఆ ముఠాదే. బిహారీలకు ఈ సంగతి తెలియదు. వాళ్లు నాటేసి ఇంకో ఊరికి వెళ్లిపోతారు.

వాళ్ల మేస్త్రి సంజయ్‌కు ఏటా వచ్చిపోతూ కొంత తెలుగు పట్టుబడింది, ఈ వాదన మాత్రం వింటున్నా సగమే అందినట్టుంది. ఎల్లమ్మ కొంగులో కట్టుకొచ్చిన పసుపు కుంకుమ చూసి, మడిలోకి దిగబోతున్న తన మనిషిని చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఒక నారుకట్ట తీసుకుని గట్టు చుట్టూ నడిచి వచ్చి ఎల్లమ్మకు అందించాడు.

"అమ్మా, నువ్వు ముందు. మా ఇంట్ల గూడ మొదటి కట్ట మా అమ్మనే పెడ్తది."

"మరి మీ ఊర్ల నాటెవరేస్తరు?"

"ఆడోళ్లే. నేను దిగితే ఊరంత నవ్వుతది."

"నవ్వరా మరి! గీడికొచ్చి పది మంది మగోళ్లు నడుములు వంచితే మేం నవ్వుతలేమా?" అంది ఎల్లమ్మ. ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. సంజయ్ కూడా నవ్వాడు. ఎల్లమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని ఈశాన్యం మూలన దిగి, పసుపు కుంకుమ చల్లి ఆ కట్ట నాటింది. గట్టెక్కి సుజాత వైపు తిరిగింది.

"చూసినవు గదా? కలుపు మాది. మందు కొట్టనని జెప్పు."

కలుపు మందు కొడితే కూలీలు అక్కర్లేదు, ఒక్క పూటలో అయిపోయే పని. సుజాత కాసేపు నీళ్ల వైపు చూసింది. "కొట్టనత్తా" అంది చివరికి. ఆడవాళ్లు ఆ రోజు నాటు లేకుండానే వెనుదిరిగారు. మధ్యాహ్నానికి సగం మడి పచ్చబడింది.

తిరుగు బస్సులో ఆ అమ్మాయికి ఏం చెప్పాలా అని ఆలోచించాను. సంజయ్ గుంజుకున్నాడా? పని పోయిన మాట నిజమే. కలుపు దక్కేలా కట్టను ఎల్లమ్మ చేతికిచ్చిందీ అతనే, తెలియకుండానే. మన ఆటో డ్రైవర్ బాపు బొంబాయిలో నిలబడ్డ చోటే అతనిక్కడ నిలబడ్డాడు. అలా అని ఎల్లమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు కదా. సుజాత నా స్నేహితురాలే, అయినా మందు కొట్టనని మాటిచ్చే ముందు ఆమె ఆగిన ఆ క్షణం నాకు గుర్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఆధార్ అసలుది పెట్టుకోండి, ఎలాగూ అడుగుతారు. ఒక్కసారే వీలైతే మాత్రం నాట్లప్పుడు వెళ్లకండి. నెల ఆగి, కలుపు వేళకు వెళ్లండి. మడిలో ఎవరున్నారో అప్పుడు చూడండి.