స్పెయిన్‌లో వినిపించిన మా కిచెనర్ అలారం

దయ్యాల కబుర్లు మొదలవగానే లేచి వెళ్ళిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. పద్దెనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఎవరైనా "ఏదో అయింది" అంటే ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు, మళ్ళీ చేసి చూపించగలవా అని అడగడమే నా ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో మేడ మీద ఎవరో నడుస్తున్నారని మా అత్తగారు వణికిపోతుంటే, టార్చి పట్టుకుని వెళ్ళి పిల్లిని చంకలో వేసుకుని దిగాను. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాయడం నాకే నామోషీగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది గుంటూరు వైపు. హైదరాబాదు, తర్వాత అమెరికా, చివరికి కెనడాలో కిచెనర్. ఊరు మారినప్పుడల్లా మా ఆయన ప్రభాకర్ "ఒక్కసారి కుదురుకుంటే ఎక్కడికైనా వెళ్దాం సుజాతా" అనేవారు. వీసాలు, శాశ్వత నివాసానికి పీఆర్ కార్డులు, ఇంటి లోను అంటూ ఆ కుదురుకోవడానికి పాతికేళ్ళు పట్టింది. కెనడా పాస్‌పోర్టులు చేతికొచ్చిన ఏడాది ఇక ఊరుకోలేదు. ఆకులు రాలే కాలంలో ఆయన సెలవు పెట్టారు, నేను రోజుకి నాలుగు గంటలు లాప్‌టాప్‌లో పనిచేసుకునేలా ఆఫీసువాళ్ళని ఒప్పించుకున్నాను. ఆరు వారాలకి దక్షిణ స్పెయిన్‌లో, గ్రనాడా పైన కొండల్లో ఒక పల్లెటూళ్ళో ఇల్లు తీసుకున్నాం.

అప్పట్లో కిచెనర్, దాని పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లలో ఏ బస్సు ఎక్కినా మన పిల్లలే. కాలేజీల్లో సీట్లు వచ్చాయి కానీ ఊళ్ళో ఇళ్ళు లేవు. ఇంటి కింద ఉండే ఒక్కో బేస్‌మెంట్‌లో ఎనిమిది మంది వంతులేసుకుని పడుకునేవారు. మేము మా బేస్‌మెంట్‌ని ముగ్గురు ఆడపిల్లలకే ఇచ్చాం. వరంగల్ మౌనిక, రాజమండ్రి హారిక, కడప స్నేహ. పగలు కాలేజీ, సాయంత్రాలు కేంబ్రిడ్జ్‌లో గోడౌన్ పని. ముగ్గురి తల్లులూ నాకు ఫోన్ చేసి "మీరున్నారు కదా అక్కయ్యా, మాకు బెంగ లేదు" అన్నవాళ్ళే. ఆ మాట నాకు గర్వంగానూ ఉండేది, బరువుగానూ ఉండేది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. బేస్‌మెంట్ వంటగది పక్కనే అలారం డబ్బా ఉంది. అది పొగనీ కనిపెడుతుంది, ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్‌లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌నీ కనిపెడుతుంది. ఆ విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. అది కమ్మిన గదిలో పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు. పొగకి మూడు కూతలు కూసి ఆగుతుంది, వాయువుకి నాలుగు. కొన్న రోజునే కాగితమంతా చదివి రెండూ మోగించి చూసుకున్నాను.

అయితే మన తాలింపుకీ కెనడా అలారానికీ అస్సలు పడదు. ఎండుమిర్చి వేగితే చాలు, ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. పిల్లలు టవల్ విసురుతూ దాని కింద గెంతుతుంటే చూడలేక, ఒకరోజు నేనే స్టూలెక్కి చూపించాను. పోపు వేసేముందు బ్యాటరీ తీసెయ్యండి, కిటికీ తెరిచి పొగ పోయాక మళ్ళీ పెట్టెయ్యండి అని. మన ఇళ్ళల్లో అందరూ చేసే పనే. పాతికేళ్ళ పిల్లలకి పెద్దదాన్ని నేనే నేర్పాను.

స్పెయిన్‌లో మొదటి మూడు వారాలు మా జీవితంలో ఎప్పుడూ లేనంత హాయిగా గడిచాయి. సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ళు, గోడలకి దండలుగా వేలాడదీసిన ఎర్ర మిరపకాయలు. మా గుంటూరు కల్లాలు గుర్తొచ్చి ఒకటి కొరికి చూశాను, బెల్లంలా తియ్యగా ఉంది. మా ఆయన అద్దెకారులో కొండదారులన్నీ తిప్పారు. బాదం తోటల్లో నడిచాం. పక్కింటి కార్మెన్ గారు డెబ్బై దాటిన మనిషి. ఆవిడ భాష మాకు రాదు, మాది ఆవిడకి రాదు, అయినా రోజూ గంట సేపు మాట్లాడుకునేవాళ్ళం.

నాలుగో వారంలో ఒక గురువారం. మధ్యాహ్నం పన్నెండున్నర. ఎండ బాగా కాస్తోంది. వంటింట్లో టమాటాలు తరుగుతున్నాను. మా ఆయన వాకిట్లో అంజూర పళ్ళు తింటూ కూర్చున్నారు. అప్పుడు వినిపించింది.

నాలుగు కూతలు. కాసేపు ఆగి, మళ్ళీ నాలుగు.

ముందు కంగారు పడలేదు. ఈ ఇంట్లో ఏదో మోగుతోంది అనుకుని వెతికాను. ఫ్రిజ్, పొయ్యి, రెండు ఫోన్లు, లాప్‌టాప్ అన్నీ చూశాను. పైకప్పు అంతా చూశాను, ఏ డబ్బా లేదు. ఏ గదిలోకి వెళ్ళినా శబ్దం పెరగలేదు, తగ్గలేదు. వీధిలోకి వెళ్ళినా అంతే. కార్మెన్ గారి దగ్గరకెళ్ళి చెవి చూపిస్తూ సైగ చేశాను. ఆవిడ శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపారు. మా ఆయనకీ ఏమీ వినపడలేదు. మూడు పూటలా అలారంతో సహజీవనం చేసిన దానివి, చెవుల్లో ఉండిపోయిందిలే అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆ గొంతు నాకు తెలుసు. చివరి కూత కొంచెం బొంగురుగా తేలిపోతుంది మా డబ్బాకి. రెండు చేతులూ చెవులకి గట్టిగా అడ్డం పెట్టుకున్నాను. అయినా అంతే గట్టిగా వినిపించింది. అప్పుడు ఫోన్ అందుకున్నాను.

కిచెనర్‌లో ఉదయం ఆరున్నర. మౌనికకి చేశాను, ఎత్తలేదు. హారికకి, స్నేహకి చేశాను, వాళ్ళూ ఎత్తలేదు. పొద్దున్నే పిల్లల్ని లేపకు అని మా ఆయన రెండుసార్లు అన్నారు, మూడోసారి నా మొహం చూసి ఊరుకున్నారు. మళ్ళీ మౌనికకే చేస్తూ పోయాను. ఆరోసారి ఎత్తింది. మాట ముద్దగా వచ్చింది.

"ఆంటీ, తల పగిలిపోతున్నది. కడుపుల తిప్పుతున్నది."

"మౌనికా, నే చెప్పేది విను. వాళ్ళిద్దర్నీ లేపి ఇప్పుడే బయటికి వెళ్ళు. కోటు, చెప్పులు ఏమీ వెతకొద్దు."

"స్నేహ లేస్తలేదు ఆంటీ."

"ఈడ్చుకుపో. బయటికెళ్ళాకే 911కి చెయ్యి."

లైన్ తెగిపోయింది. శబ్దం కూడా ఆ క్షణంలోనే ఆగిపోయింది. పక్కింటి కోళ్ళ చప్పుడు మళ్ళీ వినిపించింది.

పదకొండు నిమిషాలు. మా ఆయన నా పక్కన నేల మీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. ముగ్గురు తల్లుల్లో ఎవరికి ఏమని చెప్పాలి అన్నదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది. స్టూలెక్కి బ్యాటరీ తీసి చూపించిన నా చెయ్యి నాకే పరాయిదిగా కనిపించింది.

తర్వాత వీడియో కాల్ వచ్చింది. మా ఇంటి ముందు గడ్డిలో, రాలిన ఆకుల మీద, వట్టి కాళ్ళతో మౌనిక, హారిక. వెనకాల ఫైరింజను. స్నేహని కుర్చీలో కూర్చోబెట్టి ఆక్సిజన్ పెడుతున్నారు. ఆ పిల్ల కళ్ళు తెరిచి, ముక్కు మీద మాస్కుతోనే నాకు చెయ్యి ఊపింది. నేను పెట్టిన కేకకి కార్మెన్ గారు చేతిలో పిండితోనే పరిగెత్తుకొచ్చారు. విషయం ఏమీ తెలియకుండానే నన్ను కావలించుకుని ఆవిడా ఏడ్చారు. నా జన్మలో అంత సంతోషం నాకు తెలియదు. నా సొంత పెళ్ళిలో కూడా లేదు, మా ఆయన ఏమనుకున్నా సరే.

చలి మొదలై ఆ రాత్రే మొదటిసారి ఫర్నేస్ వేశారట. దాని గొట్టం ఒకచోట ఊడిపోయి ఉంది. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమని ఫైర్‌వాళ్ళు అన్నారు. మౌనిక స్నేహతోపాటు అంబులెన్స్‌లో వెళ్ళింది. హారిక ఒక్కతే ఫైర్‌వాళ్ళతో మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి చూసింది. బేస్‌మెంట్ అలారం మూత తెరిచి ఉంది. బ్యాటరీ స్టవ్ పక్కన, ఆవాల డబ్బా మీద ఉంది. ముందు రోజు పులిహోరకి తాలింపు వేసి మర్చిపోయింది తనే. అది చెబుతూ హారిక ఏడ్చిన ఏడుపు ఇంకా గుర్తుంది. ఆ తప్పు నీది కాదమ్మా, నాది అని అప్పుడే చెప్పాను. పైన మా భాగంలో ఉన్నది పొగ అలారం మాత్రమే, వాయువుకి మోగదు. ఆ ఉదయం ఆ ఇంట్లో మోగగలిగిన వస్తువే లేదు.

తిరిగి వచ్చేస్తామంటే పిల్లలు ఒప్పుకోలేదు. కొత్త ఫర్నేస్ పెట్టించి, ప్రతి గదికీ బ్యాటరీ తీయడానికి వీల్లేని అలారం ఒకటి బిగించాక మనసు కుదుటపడింది. మిగిలిన రెండు వారాలూ అక్కడే ఉన్నాం. నవంబరు మొదటి రోజున ఊరంతా నడివీధిలో మంట వేసి చెస్ట్‌నట్ కాయలు కాలుస్తారు. మా ఆయన ఆ మంట చుట్టూ కార్మెన్ గారితో అడుగులేశారు. ఫోన్‌లో ముగ్గురు పిల్లలూ విజిళ్ళు వేశారు.

నాకు వినిపించిన సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎందుకు ఫోన్ చేశానని అడిగితే ఏదో కొరియర్ వస్తుందని అబద్ధం చెప్పాను. చెవుల పరీక్ష చేయించుకున్నాను, రెండూ బాగున్నాయి.

ఏడాదిన్నర తర్వాత మౌనికకి విన్నిపెగ్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు సామాను కారులో సర్దాక టీ తాగుతూ, ఇక దాచడం ఎందుకని స్పెయిన్‌లో నాకు అలారం వినిపించిన సంగతి చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. కప్పు కింద పెట్టి నా వంక అదోలా చూసింది.

"మీ కాల్ నాకు ఇనబడలేదు ఆంటీ. పండుకునేటప్పుడు ఫోన్ సైలెంట్‌ల పెడ్త నేను. కిచెన్‌ల అలారం ఒకటే మోగుతుంటే, బంద్ చేద్దామని లేచిన. లేస్తే మీ పేరు కనబడ్డది."

బ్యాటరీ లేదన్న విషయం ఆ పిల్లకి ఆ రోజు దాకా తెలియదు. తను అంబులెన్స్‌లో ఉంది, హారిక సిగ్గుతో ఎప్పుడూ చెప్పలేదు. నేను చెప్పాను. ఇద్దరం చాలాసేపు ఒకరి చేతులు ఒకరం పట్టుకుని కూర్చున్నాం.

మా ఇద్దరికీ వినిపించింది ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కనిపెట్టాలన్న పంతం కూడా పోయింది. ముగ్గురు తల్లులకీ ముగ్గురు కూతుళ్ళూ ఉన్నారు.