గొంగళి, గొంగడి

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న ఒక చలికాలంలో నన్ను తార్నాక దగ్గరి యూనివర్సిటీ క్యాంపస్ ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసర్‌గా వేశారు. చర్మవ్యాధులు నా విభాగం. మాది కృష్ణా జిల్లా, కాపురం తార్నాకలో. నా యాస విని ఎవరైనా ఏమైనా అంటారేమోనని మొదట్లో బెరుకుగానే ఉండేది. ఎవరూ ఏమీ అనలేదు. చివరికి ఒకే ఒక్క మాట నన్ను ఇరకాటంలో పెట్టింది.

జనార్దన్ అనే ఎం.ఏ. విద్యార్థి వచ్చాడు. పగలు బాగానే ఉంటుందట, పడుకుంటే చాలు, మెడా చేతులూ ఒకటే దురద. రాత్రి దురద అనగానే మేము ముందు గజ్జిని అనుమానిస్తాం. హాస్టల్లో ఒకరికొస్తే గదులన్నీ తిరుగుతుంది. వేళ్ల సందులు, మణికట్లు వెతికాను, అది కాదు. సున్నితమైన చర్మం, చలికి పొడిబారింది. కాలరుకు నల్లటి నూగు పోగులు అంటుకుని ఉన్నాయి. ఇది గొంగళి పనేనని, దాన్ని ఒంటికి తగలనివ్వద్దని చెప్పాను. మరీ వేడినీళ్లు పోసుకోవద్దని, ఒళ్లు పూర్తిగా ఆరకముందే వాసనలేని క్రీము రాసుకోమని, గోళ్లు తీసుకోమని కూడా చెప్పి పంపాను.

వారం తిరక్కుండానే, బంద్ రోజున, స్నేహితులు అతన్ని పట్టుకుని తీసుకొచ్చారు. మెడ ఎర్రగా పొంగింది, గోకినచోటల్లా రసి కారుతోంది, కనురెప్పలు వాచాయి. ఊపిరి అందకపోతే పెద్దాసుపత్రికి పంపాలి. గేటు దగ్గర పోలీసులు, రోడ్డు మీద ఒక్క ఆటో లేదు. ఇంజెక్షన్ ఇచ్చి, మాటిమాటికీ ఛాతీ వింటూ పక్కనే కూర్చున్నాను. వాపు దిగడం మొదలయ్యాకే, ఏం జరిగిందని అడగగలిగాను.

“మీరే చెప్పిన్రు గద మేడం, గొంగలి పురుగని. కిటికీ కాడ మునగచెట్టు ఉన్నది. పరుపుకు, గొంగడికి అంతా పురుగుల మందు కొట్టిన. అదే కప్పుకొని పన్న.”

మా వైపు గొంగళి అంటే కప్పుకునే ఉన్ని కంబళి. వాళ్లకు అది గొంగడి, గొంగళి అంటే పురుగే. తెలుగు మా ఇద్దరికీ మాతృభాషే మరి.

దురదకు కారణం ఆ గొంగడేనని, పక్కన పెట్టేయాలని ఈసారి విడమరిచి చెప్పాను. అతని ముఖం మారిపోయింది. అది వాళ్ల నాయనదట, ఇప్పుడు తను దాన్ని భుజాన వేసుకునే ఉద్యమ సభల్లో పాడతాడట.

“గొంగడి ఇడువమంటే ఇడువ మేడం. గీ టైంల అస్సలు ఇడువ.”

అది కప్పుకుంటే పుళ్లు ముదురుతాయి, నేను గట్టిగా అంటే మళ్లీ ఈ గడప తొక్కడు. వదలక్కర్లేదన్నాను. మందు వాసన పోయేదాకా ఉతికి, ఎండలో ఆరేసి, లోపలివైపు పాత నూలుచీరతో లైనింగ్ కుట్టించుకోమన్నాను.

“అస్తరా?” అన్నాడు.

అస్తరంటే లోపలివైపు కుట్టే గుడ్డేనని ముందు అతని చేతే చెప్పించుకుని, ఆ తర్వాతే అవునన్నాను.

పుళ్లు మానాయి, నిద్ర పడుతోందని వచ్చి చెప్పాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, రోగిని ఏ వస్తువు దూరం పెట్టమన్నా, దాన్ని వాళ్లింట్లో ఏమంటారో ముందు అడిగేదాన్ని. చీటీలో మందు పేరు తప్పు రాస్తే మందుల షాపువాడైనా పట్టుకుంటాడు. నోటిమాట తప్పుగా చేరితే పట్టుకునేవాళ్లు ఉండరు.