మూడు టీలుగా తెలుసు

మావయ్య గురువారం పొద్దున్న పోయాడు. పెన్నుతో పేపర్లో తప్పులు దిద్దుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. "ఆఖరి పేజీ దాకా సదివీసినాడే," అని ఫోన్లో అత్త ఏడ్చింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

మలేషియాలో, మా క్లాంగ్‌ ఊళ్ళో ముప్పై ఏళ్ళు లాయరు. ఒక్కసారి వైబీ, అంటే మీరనే ఎమ్మెల్యే. రెండోసారి ఎందుకు ఓడిపోయాడో మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు. వైబీ దగ్గరికి జనం వచ్చేదే సిఫారసు ఉత్తరం కోసం. సంతకం పెట్టి పంపించెయ్యొచ్చు కదా! "ఈయన నాకు బాగా తెలుసు" అని రాయమంటే మావయ్యకి ప్రాణం ఒప్పేది కాదు. "నిన్ను నానెరగను గదేటి! కూకో లాహ్, టీ తాగు," అని ఆఫీసు కింద టీ కొట్టులో కూర్చోబెట్టి, కోర్టులో సాక్షిని అడిగినట్టు అడిగేవాడు. తర్వాత రాసేవాడు: "ఈయన నాకు మూడు టీలుగా తెలుసు. కష్టపడతాడు. గొప్పలు చెప్తాడు."

నా వంతూ వచ్చింది. స్కూల్లో టీచరు ఉద్యోగం. అప్పటికే రెండు చోట్ల కాదన్నారు, ఇదీ పోతే అమ్మ పూలకొట్లో కూర్చోవడమే. మావయ్య రాసిచ్చాడు: "ఈ పిల్ల నా మేనకోడలు. కాబట్టి నా మాట నమ్మకండి. పాఠం చెప్పించి చూడండి."

ఒళ్ళు మండిపోయింది. "నువ్వసలు మావయ్యవేనా?"

"నిజవే గదే రాసినాను!"

ఆ కాగితాన్ని ఆయన ముందే నాలుగు ముక్కలు చేసి వచ్చేశాను. ఉత్తరం లేకుండానే ఇంటర్వ్యూకి వెళ్ళాను. వాళ్ళు నిజంగానే పాఠం చెప్పించి చూసి, ఉద్యోగం ఇచ్చారు. అయినా నా కోపం దిగలేదు. ఎన్నికలొస్తే ఓటుకి వెళ్ళలేదు. మావయ్య ఓడిపోయాడు.

సిగ్గుపడుతూ రాజీకని మిఠాయి పట్టుకెళ్తే మొదటి ప్రశ్న అదే: "ఓటేసినావేటి?"

"లేదు. సుట్టాల మాట లెక్కలోకి రాదని నువ్వే గదా అన్నావు!"

పగలబడి నవ్వాడు. "లాయరు బుర్రే దీనిది!" అని అత్తని కేకేశాడు. ఆయన నవ్వేశాడు గానీ, ఆ వెయ్యని ఓటుని నేను ఇప్పటికీ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

అంత్యక్రియలకి ఉత్తరాల జనమే ఎక్కువ వచ్చారు. ఒకాయన ప్లాస్టిక్ కవర్లోంచి తన ఉత్తరం తీసి, "గొప్పలు చెప్తాడు" అన్న లైను వేలితో చూపించి, "నా ఉజ్జోగం దీనివల్లే!" అని అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

మావయ్య నాకు నలభై ఏళ్ళ టీలుగా తెలుసు. చాలా మంచివాడు. మొండివాడు. నేను ఆయన మేనకోడల్ని, కాబట్టి నా మాట నమ్మకండి. ఆ టీ కొట్టుకెళ్ళి అడగండి. ఆయన బల్ల మీద ఇంకా రెండు గ్లాసులు పెడుతున్నారు, ఆయనకొకటి, ఉత్తరం కోసం వచ్చినవాళ్ళకొకటి.