ఫ్రిజ్‌కు కట్టిన చీర

జనగామ బస్టాండు పక్కన మా నాయినకు చిన్న కూల్‌డ్రింకుల కొట్టు ఉండేది. తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు ఆగిపోగానే గిరాకీ పోయింది. అద్దె కట్టలేక సామానంతా ఇంటికి చేర్చాడు. అందులో ఒక పాత ఫ్రిజ్ ఉంది. పని లేక ఇంటికొచ్చిన ఆ ఫ్రిజ్ మమ్మల్ని ఉన్నవాళ్లను చేస్తుందని అప్పుడు తెలియదు.

అదే నెలలో తెల్ల రేషన్ కార్డుల ఏరివేత అన్నారు. ఇంట్లో ఫ్రిజ్ కనిపిస్తే కార్డు పోతుందట. మాకు ఆ కార్డు బియ్యం కోసమే కాదు. నాయిన గుండెకు ఆపరేషన్ చెయ్యాలని వరంగల్ డాక్టర్లు చెప్పారు. కార్డు ఉంటే ఉచితం, లేకపోతే మా వల్ల కాదు.

"అందరు సమ్మెల ఉంటే కార్డులు ఎవడు చూస్తడే?" అన్నాడు నాయిన.

"సమ్మె జీతాలోళ్లకు. మనల్ని ఏరేటందుకు ఎవడో ఒకడు దొరుకుతడు" అంది అమ్మ.

సర్కారు గడప తొక్కిందంటే ఏదో పట్టుకుపోవడానికేనని అమ్మ నమ్మకం. నాకూ ఆ బుద్ధే వచ్చింది. మన రాష్ట్రం వస్తే అన్నీ వస్తాయని వేదిక మీద నాయకులు చెబుతుంటే నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. కొడుతూనే వాళ్ల చేతి గడియారాలు చూసేదాన్ని.

అమ్మ తన పాత పట్టుచీర ఫ్రిజ్‌కు చుట్టి, పైన దేవుళ్ల పటాలు పెట్టింది. "ఎవలన్న వస్తే ముందుగాల ప్లగ్గు పీకు బిడ్డా" అని నాకు అప్పజెప్పింది.

భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మేనమామ ఫోన్ చేశాడు. "బాయిలన్నీ బందువెట్టినం అక్కా. ఇగ సర్కారు దిగిరావాలె."

"సర్కారు సంగతేమోగని మా కరెంటైతే పోయింది" అంది అమ్మ.

నిజంగానే రోజంతా కోతలు. అలాంటి ఒక కోతలోనే, రోజుకూలీ మీద పెట్టుకున్న మనిషొకడు ఫారాలు పట్టుకుని వచ్చాడు. అమ్మ నాకు సైగ చేసింది. కరెంటే లేదు, ప్లగ్గు పీకేదేముందని నేను కదల్లేదు.

అతను అన్నీ అడిగి రాసుకున్నాడు. పోతూ పోతూ పటాలకు దండం పెట్టాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. ఫ్రిజ్ గుర్రుమంది, పటాలు గడగడ వణికాయి.

"మీ దేవుడు గురక వెడుతుండు గదక్కా" అన్నాడు. నవ్వలేదు. మళ్లీ కూర్చున్నాడు.

"గది మూతవడ్డ కొట్టుది సారూ" అన్నాడు నాయిన.

"ఉన్నదా, లేదా? ఫారంల గంతే ఉన్నది."

కార్డు పోయింది. "కరెంటోళ్లు, గా ఫారాలోడు మాట్లాడుకునే వచ్చిన్రు. రెండింటికి రావాల్సిన కరెంటు పదకొండింటికి ఎట్లొస్తది?" అని అమ్మ వాడంతా చెప్పింది. నాయిన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. అది నిజమైతే తప్పు నాది కాకుండా పోతుంది.

ఫ్రిజ్, అమ్మ కమ్మలు అమ్మినా ఆపరేషన్‌కు చాలలేదు. నాయిన మాత్రలతో నెట్టుకొచ్చాడు. రాష్ట్రం వచ్చిందని జనగామంతా రంగులు చల్లుకున్న రోజుకు ఆయన లేడు.

ఇప్పుడు కోతల్లేవు. ఇంట్లో కొత్త ఫ్రిజ్ ఉంది. ఎవరైనా తలుపు కొడితే అమ్మ నా వైపు చూస్తుంది. నేను వెళ్లి ప్లగ్గు పీకి, ఆ తర్వాతే తలుపు తీస్తాను.